కువైట్ వెళ్ళే చెల్లెలికి ఏ సిమ్ కార్డు?



నాలుగు నెలల క్రిందట ఒక ఆదివారము, ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్ళిపోయిన తరువాత, మా సంఘములోని ఒక సహోదరి గుమ్మము దగ్గర నిలబడి ఉన్నది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో పాస్‌పోర్టు, వీసా కాగితము. కువైట్‌లో ఇంటి పనికి వీసా వచ్చినదట, మూడు వారములలో ప్రయాణమట. రొయ్యల చెరువు మీద అయిన అప్పు, చదువుకొంటున్న ఇద్దరు ఆడపిల్లలు, మంచములో ఉన్న అత్తగారు, ఇవన్నీ మాకు తెలిసినవే గనుక మేము ఎక్కువ అడుగలేదు. ప్రార్థన చేయించుకొని మెట్లు దిగబోతూ మరల వెనుకకు తిరిగి, "అయ్యగారూ, అక్కడికి వెళ్ళాక ఏ సిమ్ వేసుకొంటే మంచిదండీ? ఏజెంటును అడిగితే, అక్కడ మేడమ్ ఇస్తుందిలే, నీకెందుకు ఆ గొడవ అన్నాడండీ" అని అడిగినది.

సిమ్ కార్డు సంగతి పాస్టరును అడగడమేమిటని కొందరు నవ్వుకొనవచ్చు. మేము మాత్రము నవ్వలేదు, వెంటనే జవాబు కూడ చెప్పలేదు. కారణము, అదే గుమ్మము దగ్గర, అదే విషయములో, 2019లో మేము ఒకరికి తప్పు సలహా ఇచ్చి ఉన్నాము. ఆ సంగతి ముందుగా మీకు చెప్పుకొనుట న్యాయము.

మేము ఇచ్చిన తప్పు సలహా

ఆ సంవత్సరము మా సంఘము నుండి మరొక సహోదరి కువైట్‌కు బయలుదేరినది. "ఈ సిమ్ వెంట తీసుకొని వెళ్ళాలాండీ?" అని అడిగితే మేము తడుముకోకుండ, "అక్కడ ఇది ఎందుకమ్మా? రోమింగు అంటే డబ్బులు పోతాయి. మీ అమ్మగారి చేతిలో పెట్టి వెళ్ళు" అన్నాము. ఆమె అట్లే చేసినది. తల్లి ఆ సిమ్‌ను పాత బటన్ల ఫోనులో వేసుకొని కొన్నాళ్ళు రీఛార్జి చేయించినది. తరువాత కూతురు మనుమరాలి ఫోనుకే వాట్సాప్‌లో మాట్లాడుతున్నది గనుక, ఈ ఫోనుకు డబ్బు దండుగ అని మానివేసినది. ఇంతలో కరోనా వచ్చినది. ఆ ఫోను ట్రంకుపెట్టెలోనికి చేరినది.

2021లో ఆ తల్లికి పక్షవాతము వచ్చినది. ఆస్పత్రివారు డబ్బు కట్టమన్నారు. కూతురు రెండేండ్లు కష్టపడి దాచుకొన్న సొమ్ము ఇక్కడి బ్యాంకులోనే, ఆమె పేరనే ఉన్నది. భర్త చేతికి ఇవ్వక తన పేరున ఎందుకు దాచుకొన్నదో ఆ ఇంటి సంగతి తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె కువైట్ నుండి ఫోనులోనే డబ్బు పంపాలని చూచినది. మీ నంబరుకు ఓటీపీ పంపాము అని బ్యాంకు చెప్పుచున్నది. ఇక్కడ పెట్టె తెరచి ఫోను వెలిగిస్తే సిగ్నలే లేదు. మేము మా ఫోనులో నుండి ఆ నంబరుకు చేయగా ఎవరో అబ్బాయి ఎత్తి, "రాంగ్ నంబరండీ, ఈ సిమ్ నేను కొత్తగా తీసుకొన్నాను" అన్నాడు.

నంబరు మార్చాలంటే ఖాతాదారు స్వయముగా వచ్చి సంతకము చేయాలని బ్యాంకులో చెప్పారు. వారి నియమము వారిది. కరోనా వలన అప్పుడు విమానముల రాకపోకలే సరిగా లేవు. సొంత డబ్బు బ్యాంకులో ఉండగానే ఆ కుటుంబము నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినది. తల్లి బ్రతికినది గాని ఆ అప్పు తీరుటకు ఏడాదిన్నర పట్టినది. ఆ సహోదరి మమ్మును ఒక్క మాట అనలేదు. అనకపోవుట వలననే మాకు ఎక్కువ బాధ కలిగినది.

అప్పటి నుండి దూరదేశము వెళ్ళేవారు కనబడితే మేము అడిగి తెలిసికొంటున్నాము. తిరిగివచ్చినవారిని కూర్చోబెట్టి వినుచున్నాము. ఈ నెల ఆ మాటలు మీ ముందు ఉంచుచున్నాము.

ముందు ఇంటి నంబరు

కువైట్‌లో ఏ సిమ్ తీసుకోవాలి అని ఆలోచించుటకు ముందు, ఇక్కడి సిమ్ ఏమి చేయాలి అనేది తేల్చుకోవాలి. మన నంబరుకు ఇప్పుడు బ్యాంకు ఉన్నది, ఆధార్ ఉన్నది, గ్యాసు బుక్కు ఉన్నది. నంబరు పోయినదంటే ఈ తాళములన్నిటి చెవి పోయినట్లే.

2013లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన నియమము ప్రకారము, ప్రీపెయిడ్ నంబరును 90 రోజులైనా వాడకుండా ఉంటే తప్ప కంపెనీ తీసివేయరాదు. ఖాతాలో కనీసము 20 రూపాయలు మిగిలి ఉంటే అప్పుడును తీసివేయరాదు. అయితే కువైట్‌లో ఇంటి పని ఒప్పందము సాధారణముగా రెండేండ్లు. అందులో 90 రోజులు ఎన్నిసార్లు గడచునో లెక్క వేసుకోండి. తీసివేసిన నంబరును ఆ తరువాత మరొకరికి ఇస్తారు. మరొక 90 రోజులు ఆగిన పిమ్మటనే ఇస్తామని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకు తెలిపినది. అనగా మా సహోదరి నంబరును ఎత్తిన అబ్బాయి దొంగ కాడు. న్యాయముగా కొనుక్కొన్నాడు.

గనుక చేయవలసినది ఇది. రెండు సిమ్‌లు పట్టే ఫోను తీసుకొని వెళ్ళండి. మొదటి గదిలో మన నంబరు, రెండవ గదిలో అక్కడి నంబరు. బయలుదేరే ముందే కంపెనీవారితో మాట్లాడి మన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగు తెరిపించుకోండి. అక్కడికి వెళ్ళిన తరువాత తెరిపించుకొనుట కష్టము. మెసేజి వచ్చుటకు ఏమైనా పట్టుకొంటారా, ఫోను ఎత్తితే ఎంత పట్టుకొంటారు, ఈ రెండును అడిగి కాగితము మీద వ్రాసికొనండి. ఫోనులో డేటా రోమింగు అనే మీట ఆపివేయండి. అది తెరచి ఉంటే మన సిమ్ మీద ఇంటర్నెట్ నడచి, బ్యాలెన్సు గంటలో హరించిపోవును. ఆ మీట ఆపినా బ్యాంకు మెసేజి రావడము ఆగదు.

రీఛార్జి బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించి, క్యాలెండరులో ఆ తేదీకి గుర్తు పెట్టించండి. ఇంటర్నెట్ లేకుండ మాటలకు, మెసేజిలకు మాత్రమే సరిపడే రీఛార్జిలు కూడ పెట్టాలని, ఇటువంటి ప్రత్యేక రీఛార్జిల గడువు 365 రోజుల వరకు ఉండవచ్చునని 2024 డిసెంబరులో ట్రాయ్ నియమము చేసినది. సంవత్సరమునకు ఒక్కసారి చేయించి నిశ్చింతగా ఉండదలచినవారు దుకాణములో ఇది అడుగవచ్చు.

మరొక మాట. మీరు వాడుతున్న సిమ్ అసలు మీ పేరున ఉన్నదా? మన గ్రామములలో మరిది తెచ్చి ఇచ్చిన సిమ్, దుకాణదారుడు ఎవరి ఆధార్ మీదనో ఇచ్చిన సిమ్ ఏండ్ల తరబడి వాడేవారున్నారు. పోయినప్పుడు మరల తీసుకోవాలంటే ఎవరి పేరున ఉన్నదో వారే వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వము 2023లో తెరచిన సంచార్ సాథీలో, మన పేరున ఎన్ని నంబర్లు ఉన్నవో చూచుకోవచ్చు. చదువుకొన్న పిల్లలను అడిగితే పది నిమిషములలో చూచి చెబుతారు.

విదేశములో ఉద్యోగము చేసేవారు ఇక్కడి మామూలు సేవింగ్సు ఖాతాను ఎన్నారై ఖాతాగా మార్పించుకోవలసి ఉన్నది. అట్టి ఖాతాలకు విదేశీ నంబరు మీదనే ఫోనుతో డబ్బు పంపే యూపీఐ సౌకర్యమును 2023 జనవరిలో 10 దేశములకు అనుమతించారు. ఆ మొదటి జాబితాలో సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, ఖతర్ ఉన్నవి గాని కువైట్ లేదు. మీ బ్యాంకు మేనేజరును ప్రయాణమునకు ముందే కలిసి, ఏ నంబరు పెట్టుకోవాలో అడగండి.

మాట అందని కాలము

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైట్‌లో ప్రవేశించినప్పుడు మేము పదేండ్ల పిల్లలము. మా వీధిలోని ఒక అమ్మగారి కుమారుడు అక్కడ డ్రైవరు. వారములు గడచినా అతని సమాచారము లేదు. ఆ తల్లి ఉదయము పోస్టుమాను వచ్చే వేళకు అరుగు మీద కూర్చుండి, అతడు వీధి దాటిపోయే వరకు లేచేది కాదు. ఆ రోజులలో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానములలో మన దేశమునకు చేర్చారు. ఆమె కుమారుడు వారిలో ఒకడై ఒక రాత్రి తలుపు తట్టే వరకు అతడు బ్రతికి ఉన్నాడని ఆమెకు తెలియదు.

ఆ తరువాత కూడ చాలా కాలము ఉత్తరములు, టేపురికార్డరు క్యాసెట్లు, పట్టణములో ఐఎస్‌డీ బూతు ముందు నిలబడి ఎదురుచూపులు. ఇప్పుడు బొటనవ్రేలంత లేని ఒక ముక్క ఆ పని చేస్తున్నది. అది ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి పేరున ఉన్నది అనేది చిన్న సంగతి కాదు.

అక్కడి సిమ్ ఎవరి పేరున?

ఆ సహోదరికి మేము చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. ఏ కంపెనీ అనేది తరువాత, ముందు ఎవరి పేరున అనేది చూడమ్మా అన్నాము.

కువైట్‌లో ఉండి పని చేసేవారికి సివిల్ ఐడీ ఇస్తారు. మనవారు దానిని బతాకా అంటారు. సిమ్ ఆ కార్డు మీద ఇస్తారు. కొత్తగా దిగినవారికి వైద్య పరీక్ష, వేలిముద్రలు, అకామా పూర్తియై బతాకా చేతికి వచ్చే వరకు కొంత కాలము పట్టును. అంతవరకు పాస్‌పోర్టు చూపి సిమ్ తీసుకొన్నను, బతాకా వచ్చిన వెంటనే ఆ నంబరును దాని మీదికి మార్పించుకోవాలి.

ఈ మధ్య కాలములోనే మనవారు పొరపాటు చేయుదురు. ఏజెంటు ఇచ్చిన సిమ్, మేడమ్ పేరున ఉన్న సిమ్, ముందు పని చేసి వెళ్ళిపోయిన మనిషి వదలిన సిమ్, ఏది దొరికితే అది వేసుకొని సంవత్సరములు గడుపుదురు. పని చక్కగా సాగినంత కాలము ఏ ఇబ్బందియు కనబడదు. ఒకనాడు జీతము దగ్గర మాట పెరిగినదనుకోండి, పేరు గలవారు ఒక్క మాట చెబితే ఆ సిమ్ ఆగిపోవును. ఇంటి నుండి ఎన్నిసార్లు చేసినను స్విచ్ ఆఫ్ అనియే వచ్చును. పైగా ఆ దేశములో 2021 నుండి సాహెల్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎన్నో పనులు జరుగుచున్నవి. బతాకాకు కూడ ఫోనులో ఉంచుకొనే రూపము వచ్చినది. అనగా నంబరు అక్కడ కూడ మన గుర్తింపులో ఒక భాగమైనది.

యజమాని ఫోను ఇచ్చుట ఉపకారమని అనుకోనక్కరలేదు. ఇంటి పనికి వెళ్ళే స్త్రీల క్షేమము కొరకు 2007లో భారత ప్రభుత్వము కొన్ని నియమములు చేసినది. వయస్సు 30కి తగ్గరాదు, పని ఒప్పందమును మన రాయబార కార్యాలయము ధ్రువీకరించాలి అనే వాటితోపాటు, యజమాని ఆమెకు ప్రీపెయిడ్ మొబైల్ సదుపాయము కల్పించాలి అనే మాట కూడ అందులో ఉన్నది. కువైట్ ప్రభుత్వము కూడ 2015లో 68వ నంబరు చట్టము చేసి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనియు, వారమునకు ఒక రోజు సెలవు ఇవ్వాలనియు, పనిమనిషి పాస్‌పోర్టును, సివిల్ ఐడీని ఆమె అంగీకారము లేకుండ యజమాని తన దగ్గర ఉంచుకోరాదనియు నిర్ణయించినది. చట్టములో ఉన్నదంతా ప్రతి ఇంటిలో జరుగునని మేము చెప్పుట లేదు. అడుగుటకు ఆధారమున్నదని మాత్రము మన చెల్లెండ్రకు తెలిసి ఉండాలి.

అదే విధముగా మీ పేరున ఉన్న సిమ్‌ను మరొకరికి ఇవ్వకండి. స్నేహితురాలికి ఇంకా బతాకా రాలేదని జాలిపడి తన పేరున సిమ్ తీసి ఇచ్చేవారున్నారు. ఆ నంబరు నుండి ఏ తప్పు జరిగినను పోలీసు మొదట పిలుచునది కార్డు మీది పేరునే.

ఏ కంపెనీ, ఏ ప్యాకు?

కువైట్‌లో ముఖ్యమైన మొబైల్ కంపెనీలు మూడు ఉన్నవి. జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ. పాతవారు ఇప్పటికిని వతనియా అంటే ఇప్పటి ఊరెడూ, వివా అంటే ఇప్పటి ఎస్‌టీసీ అని గ్రహించండి. దేశము చిన్నది గనుక పట్టణ ప్రాంతములో మూడింటికిని సిగ్నలు దొరుకును. వఫ్రా, అబ్దలీ వంటి సరిహద్దు తోటలలోను, ఎడారిలో పశువుల దొడ్ల దగ్గరను పని చేసే మన తమ్ముళ్ళు మాత్రము, ఆ చోట ముందు నుండి ఉన్నవారిని అడిగి, అక్కడ పనిచేసే సిమ్‌నే కొనాలి.

ప్యాకు ఎంచుకొనుటకు ముందు మన ఇంటిలో ఏ ఫోను ఉన్నదో చూడండి. ఇంటిలో వాట్సాప్ ఉన్న ఫోను ఉంటే కువైట్ నుండి ఇంటర్నెట్ మీద మాట్లాడవచ్చు. అప్పుడు ఇంటర్నెట్ ఎక్కువ ఉన్న ప్యాకు చాలును. ఇంటిలో బటన్ల ఫోను పట్టుకొన్న అమ్మమ్మ మాత్రమే ఉంటే, భారతదేశమునకు నిమిషములు కలిసి ఉన్న ప్యాకు అడగాలి. ఇది చూడక చౌక ప్యాకు కొన్నవారు, తీరా ఇంటికి చేయబోయి, నిమిషమునకు పడే ఖర్చు చూచి ఫోను పెట్టివేసిన సంగతులు విన్నాము.

యజమాని ఇంటి వై-ఫై ఉన్నది గదా, మరల ప్యాకు ఎందుకు అని కొందరు అందురు. ఆ వై-ఫై పాస్‌వర్డు మారిన రోజున మీ మాట కూడ ఆగును. కష్టము వచ్చిన రోజునే ఆ పాస్‌వర్డు మారుట తరచుగా జరుగును. నెలకు చిన్న ప్యాకు అయినను మీ సొంతముగా ఉంచుకొనండి.

ప్రీపెయిడ్ మాత్రమే తీసుకొనండి. కొత్త ఫోను ఉచితము అని చూపి, నెలనెలా బిల్లు కట్టే ఒప్పందము మీద సంతకము చేయించే పథకములు ఉండును. ఉద్యోగము మారినా, సెలవు మీద ఇంటికి వచ్చినా ఆ బిల్లు ఆగదు. కువైట్ ప్రభుత్వము 2023లో, విదేశీయులు దేశము విడుచుటకు ముందు టెలిఫోను బకాయిలు కూడ చెల్లించాలని నియమము పెట్టినది. తల్లి మరణవార్త విని విమానాశ్రయమునకు పరుగెత్తే మనిషి ఫోను బకాయి దగ్గర నిలిచిపోవుట ఎంత ఘోరము! ఎప్పటికీ వచ్చివేసేటప్పుడు కూడ, సిమ్‌ను స్నేహితునికి వదలకుండ, కంపెనీ దుకాణములో రద్దు చేయించి రండి.

పది రోజుల కొరకు తీర్థయాత్రకో, బిడ్డల దగ్గరకో వెళ్ళే పెద్దలకు ఇంత ఆలోచన అవసరము లేదు. మన సిమ్ మీదనే రోమింగు ప్యాకు వేయించుకొంటే సరిపోవును.

దుబాయి కొడుకు ఫోను కోసివేస్తున్నాడా?

దేశము మారితే నియమము మారును. నిజామాబాదు నుండి మా ప్రాంతమునకు కోడలిగా వచ్చిన ఒక సహోదరి తమ్ముడు దుబాయి వెళ్ళాడు. వాళ్ళ అమ్మ వాట్సాప్‌లో ఫోను చేస్తే కలియదు. ఒకవేళ మ్రోగినా మాట వినబడదు. వారము రోజులు చూచి ఆ తల్లి, "నా కొడుకు మారిపోయిండు, నా ఫోను ఎత్తుతలేడు" అని భోజనము మానినది. ఆ పిల్లవాడేమో అక్కడ గదిలో కూర్చుండి, అమ్మ ఎందుకు మాట్లాడుట లేదని ఏడ్చుచున్నాడు.

సంగతి ఏమనగా, ఎమిరేట్స్‌లో వాట్సాప్ మెసేజిలు, మాట నింపి పంపే సందేశములు నడచును గాని, దానిలో ఫోను మాట్లాడుటకు అనుమతి లేదు. అనుమతి పొందిన బోటిమ్ వంటి యాప్‌లలోనే మాట్లాడాలి. అదే యాప్ ఇంటి దగ్గరి ఫోనులోను ఉండాలి. ఎతిసలాత్, డు, వర్జిన్, వీటిలో ఏ సిమ్ తీసుకొన్నను ఈ నియమము ఒక్కటే. ఇంటర్నెట్‌లో ఫోను మాట్లాడే ప్యాకు ఎంత, భారతదేశమునకు మామూలు నిమిషములు ఎంత అని రెండును అడిగి కొనండి. దొంగదారిన వాట్సాప్ పనిచేయించే వీపీఎన్ వేసుకోమని తోటివారు చెబుతారు. నేరము చేయుటకు, దానిని దాచుటకు అట్టి మార్గము వాడితే 5 లక్షల నుండి 20 లక్షల దిర్హముల వరకు జరిమానా అని 2016లో ఆ దేశపు చట్టమును సవరించారు. మన పిల్లలు ఆ జోలికి పోకుండుట మేలు.

ఆ తల్లికొడుకులకు ఈ మాట తెలిసిన సాయంత్రమే వారు మాట్లాడుకొన్నారు. వారము రోజుల కన్నీళ్ళకు కారణము ఒక్క యాప్.

ఇంటివారు చేయవలసినవి

కువైట్ గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. దుబాయి గడియారము గంటన్నర వెనుక. ఇంటి పని చేసే మనిషికి రాత్రి 10 గంటలకు తీరిక దొరికితే మనకు అర్ధరాత్రి దాటి 12:30. పిల్లలు నిద్రపోయి ఉందురు. తల్లి ఫోను చేసి, బిడ్డలు పడుకొన్నారని విని, మెల్లగా పెట్టివేయును. నెలకు నాలుగు సార్లు ఇట్లు జరిగితే ఆ మనస్సు ఏమగునో ఆలోచించండి. గనుక సెలవు ఏ రోజో తెలిసికొని, వారమునకు ఒక వేళ ఏర్పాటు చేసికొనండి. అక్కడ శుక్రవారము సెలవు గనుక మన సంఘములు కూడుకొనేదియు ఎక్కువగా ఆ రోజుననే. ఆ వేళకు పిల్లలు ఇంటిలో ఉండాలి, ఫోను ఛార్జింగులో ఉండాలి.

మన ఫోనులలో నంబర్లు పది అంకెలుగా దాచుకొందుము. విదేశములో ఆ పది అంకెలు కొడితే కలియదు. బయలుదేరే ముందే ప్రతి నంబరుకు ముందు ప్లస్ 91 చేర్చి దాచుకొనండి. కువైట్ నంబరు 8 అంకెలు, ఇక్కడి నుండి చేయుటకు ముందు 00965 చేర్చాలి. ఫోను పోయినను, గుంజుకొనబడినను అక్కరకు వచ్చునట్లు ఇంటి నంబరు ఒకటి కంఠస్థము చేయించండి. మరికొన్ని నంబర్లు కాగితము మీద వ్రాసి బైబిలు అట్టలో పెట్టండి. మన రాయబార కార్యాలయము నంబరు అందులో తప్పక ఉండాలి. కువైట్‌లో ఆపద వేళ పోలీసుకైనా, అంబులెన్సుకైనా 112. దుబాయిలో పోలీసుకు 999. దుబాయిలో మన ప్రభుత్వము నడుపు ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రము నంబరు 800 46342. ఇక్కడి ఇంటివారు విచారించుటకు ఢిల్లీలోని కేంద్రము నంబరు 1800 11 3090. ఈ పుట కత్తిరించి దాచుకొన్నను మేము సంతోషించెదము.

మరల ఆ సహోదరి సంగతి

ప్రయాణమునకు నాలుగు రోజుల ముందు మేము ఆమెను ఇంటికి పిలిచాము. 2019లో వెళ్ళిన సహోదరి అప్పటికి సెలవు మీద ఊరికి వచ్చి ఉన్నందున ఆమెను కూడ రమ్మన్నాము. "మీరు చెబితేనే బాగుంటుందమ్మా, మేము ఒకసారి తప్పు చెప్పినవారము" అన్నాము. ఆమె నవ్వి, "మీరు నా మంచికే చెప్పారు గదండీ, మనకు అప్పుడు తెలియలేదు" అన్నది. ఇద్దరును చాప మీద కూర్చుండి, నంబర్లన్నిటికి ప్లస్ 91 చేర్చుటకే గంట పట్టినది. పెద్దపిల్ల రీఛార్జి తేదీని చర్చి క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో చుట్టినది.

ఆమె దిగిన రోజున ఇక్కడి సిమ్ నుండియే, క్షేమముగా చేరాను అని మెసేజి వచ్చినది. ఆ తరువాత ఏడు వారములు మేడమ్ ఫోనులోనే, ఆమె ఎదుటనే, రెండేసి నిమిషములు మాట్లాడినది. "బాగున్నాను, తిన్నాను, పడుకొంటాను" ఈ మూడు మాటలే. చిన్నపిల్ల మా దగ్గరకు వచ్చి, "అమ్మ ఫోనులో అమ్మలా మాట్లాడటం లేదండీ" అన్నది. మేము ఆ బిడ్డకు ఏమి చెప్పగలము? కొంచెము ఓపిక పట్టమన్నాము.

ఎనిమిదవ వారము శుక్రవారము ఉదయము మా ఫోను మ్రోగినది. 965తో మొదలైన కొత్త నంబరు. బతాకా వచ్చినదట, సెలవు రోజున తెలుగువారితో కలిసి వెళ్ళి సిమ్ తీసుకొన్నదట. ముందు పిల్లలతో అరగంట మాట్లాడి, తరువాత మాకు చేసినది. పని ఎక్కువే గాని ఇంటివారు మంచివారేనని చెప్పినది. అత్తగారి మందులు అడిగినది. మాట ముగించేటప్పుడు ఆగి అన్నది:

"అయ్యగారూ, ఈ నంబరు నా పేరనే ఉందండీ. రాసుకోండి."

మేము వ్రాసికొన్నాము.